ఆంప్లిఫయరా, రిసీవరా: ఒక ప్రశ్నకు ప్రతిపదార్థం

నారాయణఖేడ్‌లో ఎలక్ట్రానిక్స్ రిపేరు దుకాణం ముందు కాసేపు నిలబడితే ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో చెవిన పడుతుంది: “ఇంట్ల పాత స్పీకర్లున్నయి. ల్యాప్‌టాప్‌కు కలిపి పాటలు వినాలె. ఆంప్లిఫయర్ తీసుకోవాల్నా, రిసీవర్ తీసుకోవాల్నా? ఎన్ని వాట్లది?”

అడిగినవారి మనసంతా చివరి రెండు వాక్యాల మీదే ఉంటుంది. అమ్మేవారు కూడా వాటికే జవాబు చెప్తారు. కాని పద్యానికి అర్థం చెప్పేవాడు పదాల వరుస పట్టుకుని పోడు. ముందు అన్వయం కుదుర్చుకుంటాడు, అంటే ఏ పదం దేన్ని ఆశ్రయించి ఉందో చూసి ఆ క్రమంలో పేర్చుకుంటాడు. ఈ ప్రశ్నకు అన్వయం చేస్తే ‘స్పీకర్లు’ మొదటికి వస్తుంది. తరువాత ‘పాటలు’, ‘ల్యాప్‌టాప్’, ‘వాట్లు’. కొనవలసిన పెట్టె పేరు ఆ తరువాతే. ‘కలిపి’ అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది గాని చిక్కంతా అందులో ఉంది, కనుక దాన్ని ఆఖరుకు ఉంచుతాను.

పాత స్పీకర్లు

ముందు ఇవి ఏ రకానివో తేలాలి. తనలోనే ఆంప్లిఫయర్ ఉన్న స్పీకరును యాక్టివ్ అనీ, పవర్డ్ అనీ అంటారు. లేనిదాన్ని పాసివ్ అంటారు. గుర్తు పట్టడం తేలిక. జతలో ఒక్కదానికైనా కరెంటు ప్లగ్గు ఉంటే, లేదా చిన్న అడాప్టర్ నుంచి కరెంటు తీసుకుంటుంటే, అది యాక్టివ్. దానికి ఆంప్లిఫయరూ అక్కర్లేదు, రిసీవరూ అక్కర్లేదు. ల్యాప్‌టాప్ నుంచి ఒక వైరు చాలు. ఇది తెలియక యాక్టివ్ స్పీకర్లకు మరో ఆంప్లిఫయర్ కొన్నవాళ్లున్నారు. వెనుక ఎరుపు, నలుపు స్ప్రింగు క్లిప్పులు మాత్రమే ఉండి, వాటికి రెండు వైర్లు తప్ప మరేమీ రాకపోతే అది పాసివ్. మన ప్రశ్న వీటి గురించే.

ఈ ప్రాంతపు ఇళ్లలో కనిపించే పాత పాసివ్ స్పీకర్లలో చాలా వరకు క్యాసెట్ల కాలం నాటివి. దుబాయి నుంచో సౌదీ నుంచో తెచ్చిన సిస్టంలో డెక్ పాడైపోయి ఉంటుంది, క్యాసెట్లు పోయి ఉంటాయి, చెక్క పెట్టెలు మిగులుతాయి. వెనుక కాగితం మీద ఒక అంకె, పక్కన ఓమ్ గుర్తు ఉంటుంది: 4, 6 లేదా 8. దీన్ని ఇంపిడెన్స్ అంటారు, అంటే మారుతూ పోయే కరెంటుకు స్పీకరు చూపే అడ్డు. ఆ అంకె నామమాత్రం. స్వరం మారేకొద్దీ అసలు విలువ మారుతుంది: 8 ఓమ్‌లు అని రాసినది ఒక స్థాయిలో 6 చూపవచ్చు, మరొక చోట 30 దాటవచ్చు. కాగితం చిరిగిపోతే మల్టీమీటరు పెట్టి చూడండి. 8 ఓమ్‌ల స్పీకరు మీటరులో 6 దగ్గర, 4 ఓమ్‌లది 3 పైచిలుకు చూపుతుంది. మీటరు కొలిచేది తీగ చుట్ట నిరోధాన్ని మాత్రమే, అందుకే తక్కువ.

అంకె తగ్గితే ఆంప్లిఫయర్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను ఒకే జత క్లిప్పులకు పక్కపక్కన కలిపితే 4 అవుతుంది. రెండు 4 ఓమ్‌లవి కలిపితే 2. ఇంట్లో వాడే ఆంప్లిఫయర్లలో ఎక్కువ భాగం 4 కంటే దిగువకు పోవడానికి తయారు చేసినవి కావు. ‘మూల మూలకూ స్పీకరు’ పెట్టాలన్న సరదా చాలా ఆంప్లిఫయర్లను కాల్చింది.

రెండో గుణం సెన్సిటివిటీ. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెళ్ల ధ్వని వచ్చిందో చెప్పే అంకె ఇది. ఇంటి స్పీకర్లకు 84 నుంచి 90 దాకా ఉంటుంది. దీని గురించి ఎవరూ అడగరు. కాని వాట్ల లెక్క నిలబడేది దీని మీదే.

మూడోది ఆరోగ్యం. కోన్ అంచున చుట్టూ ఉండే మెత్తని పట్టీ స్పాంజితో చేసినదైతే పదిపదిహేనేళ్లలో పొడిగా రాలిపోతుంది. వేలితో తాకితే తెలిసిపోతుంది. రబ్బరుది, గుడ్డది అయితే ఎక్కువ కాలం ఉంటుంది. పట్టీ మాత్రమే పోతే మార్చవచ్చు. చుట్ట కాలిపోతే ఆ స్పీకరుకు ఖర్చు పెట్టడం ఆలోచించవలసిన విషయం.

ఒక హెచ్చరిక. గుడికో బడికో వాడి పక్కన పెట్టిన గొట్టపు లౌడ్‌స్పీకర్లు, గోడ స్పీకర్లు ఈ లెక్కలోకి రావు. దూరాలకు వైరు లాగడానికి వాటిలో కొన్నిటికి 100 వోల్టుల లైను పద్ధతిలో లోపల ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 1940లో మొదలైన ఆహూజా కంపెనీ మైకుసెట్టు ఆంప్లిఫయర్ల వెనుక 4, 8, 16 ఓమ్‌ల పక్కనే 70 వోల్టులు, 100 వోల్టులు అని మరలు కనిపించేది అందుకే. అవి మాట నలుగురికీ వినబడేందుకు చేసినవి. ఒకే చానలు, అంటే ఎడమ కుడి తేడా లేదు. పెళ్లిపందిట్లో అవి చేసే పని గొప్పది. గదిలో రెండు స్పీకర్ల మధ్య కూర్చుని వినడానికి అవి పనికిరావు.

పాటలు

పాట ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే పెట్టెకు ఎన్ని చానళ్లు కావాలో తెలుస్తుంది. చానలు అంటే ఇక్కడ టీవీ చానలు కాదు; విడిగా నడిచే ఒక ధ్వని ధార. మోనో అంటే ఒక ధార, స్టీరియో అంటే రెండు, 5.1 అంటే అయిదు ధారలూ, అడుగు స్వరాలకు వేరుగా ఇంకొకటీ. ఘంటసాల కాలపు పాటల్లో అత్యధికం మోనో. వాటిని రెండు స్పీకర్లలో పెట్టినా రెండింటిలోనూ ఒకటే వినిపిస్తుంది, గొంతు సరిగ్గా మధ్య నుంచి వస్తున్నట్టు తోస్తుంది. అది లోపం కాదు, స్పీకర్లు సరిగ్గా కలిశాయనడానికి రుజువు. తరువాతి పాటలు స్టీరియో. యూట్యూబులో వినేదీ, పాటల యాప్‌లలో వినేదీ దాదాపు అంతా స్టీరియోనే. ‘బాహుబలి’, ‘ఆర్ఆర్ఆర్’ వంటి సినిమాలకు అట్మాస్ మిక్సింగ్ ఉన్నమాట నిజం. ల్యాప్‌టాప్‌లో మామూలు బ్రౌజరు తెరిచి చూసేటప్పుడు మాత్రం మనకు అందేది సాధారణంగా రెండు ధారలే.

కనుక ప్రశ్నలో ‘పాటలు’ అన్నవారికి రెండు చానళ్లు చాలు. ఇంకొక భ్రమ ఇక్కడే తొలగించాలి. బజారులో అయిదు చిన్న స్పీకర్లూ, ఒక ఊఫరూ ఉన్న ‘5.1 హోమ్ థియేటర్’ పెట్టె కొని, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక వైరు పెడతారు. ఆ వైరులో పోయేది రెండు ధారలు. మిగిలిన స్పీకర్లలో వినిపించేది ఆ రెండింటి నకలు. అంటే ఆరు పెట్టెలు మోగుతున్నాయి గాని ఆరు ధారలు లేవు.

పాట నాణ్యత గురించి ఒక్క మాట. 128 కిలోబిట్ల ఎంపీత్రీలో పోయిన వివరాన్ని ఏ ఆంప్లిఫయరూ తిరిగి తేలేదు. అది ఉన్నదాన్ని పెద్దది చేస్తుంది, లోపాన్ని కూడా.

ల్యాప్‌టాప్

ఇక్కడ ల్యాప్‌టాప్ అంటే పాట నిలవ ఉన్న చోటు మాత్రమే కాదు. అంకెలను వోల్టేజీగా మార్చే చోటు కూడా. పాట ఫైలు అంకెల వరుస. సీడీ ప్రమాణంలో ఒక్కో చానలుకు సెకనుకు 44,100 సార్లు, ప్రతిసారీ 16 బిట్ల అంకె. స్పీకరుకు అంకెలు తెలియవు, దానికి కావలసింది ఎగసి పడే వోల్టేజీ. ఆ మార్పిడి చేసే చిప్పును డాక్ అంటారు. ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ, ప్రతి ఫోనులోనూ ఒకటి ఉంది. ‘డాక్ లేకుండా ఎట్లా?’ అన్న ప్రశ్నకు అర్థం లేదు. అసలు ప్రశ్న ‘లోపలి డాక్ చాలా, బయటిది కావాలా?’ అన్నది.

లోపలిదానికి ఉన్న కష్టం సాధారణంగా దాని నాణ్యత కాదు, దాని ఇరుగుపొరుగు. అదే పలక మీద ప్రాసెసర్, ఫ్యాను, హార్డ్‌డిస్కు ఉంటాయి. మౌస్ కదిలించినప్పుడల్లా స్పీకర్లో సన్నని చిర్రుమన్న చప్పుడు వస్తే అది పొరుగువారి అల్లరి. అలా రాకపోతే లోపలి డాక్‌తోనే సంతోషంగా ఉండవచ్చు. వస్తే యూఎస్‌బీకి తగిలించే చిన్న డాక్ కొనుక్కోవాలి. వెయ్యి రూపాయల లోపు నుంచీ దొరుకుతాయి. ఖరీదైన డాక్ కొన్నంత మాత్రాన పాట మారిపోదు. ఆ డబ్బు స్పీకర్లకు పెట్టడం మేలని నా అభిప్రాయం.

ల్యాప్‌టాప్ నుంచి ధ్వని బయటికి వచ్చే దారులు నాలుగు.

హెడ్‌ఫోన్ రంధ్రం మొదటిది. 3.5 మిల్లీమీటర్లది. పూర్తి వాల్యూములో సుమారు ఒక వోల్టు ఇస్తుంది. ఆంప్లిఫయర్లు చాలా వరకు అర వోల్టు లోపే పూర్తి శక్తికి చేరతాయి, కనుక ఇది సరిపోతుంది. కావలసిన వైరు ఒక చివర 3.5 స్టీరియో పిన్ను, మరో చివర ఎరుపు తెలుపు ఆర్‌సీఏ పిన్నులు ఉన్నది. ల్యాప్‌టాప్ వాల్యూము 80, 90 శాతం దగ్గర ఉంచి, హెచ్చుతగ్గులు ఆంప్లిఫయర్ దగ్గర చెయ్యాలి. దీనికి కారణం ఉంది. ల్యాప్‌టాప్‌లో తగ్గించి ఆంప్లిఫయర్‌లో పెంచితే, పాటతో పాటు వైరులో చేరిన గుర్రు కూడా పెరుగుతుంది.

యూఎస్‌బీ రెండోది. ఇందులో అంకెలే పోతాయి. కొన్ని ఆంప్లిఫయర్లలో యూఎస్‌బీ డాక్ లోపలే ఉంటుంది. జాగ్రత్త: పెట్టె ముందు భాగాన పెన్‌డ్రైవ్ కోసం ఉన్న యూఎస్‌బీ రంధ్రం వేరు, కంప్యూటరు నుంచి ధ్వని తీసుకునే రంధ్రం వేరు. మొదటిదానికి ల్యాప్‌టాప్ తగిలిస్తే ఏమీ వినిపించదు.

హెచ్‌డీఎంఐ మూడోది. ఇది రిసీవర్ల దారి. ల్యాప్‌టాప్ కంటికి రిసీవరు ఇంకొక తెరలా కనిపిస్తుంది, బొమ్మతో పాటే ధ్వని పోతుంది. అయిదారు ధారలు పంపాలంటే తేలికైన మార్గం ఇదే.

బ్లూటూత్ నాలుగోది. వైరు లేదు, అందువల్ల గుర్రు లేదు. అది చిన్న లాభం కాదు. నష్టం ఆలస్యం. మామూలు పద్ధతిలో ధ్వని సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా వెనుకబడుతుంది. పాటకు తేడా తెలియదు. సినిమాలో పెదవులు ముందు, మాట వెనుక అవుతాయి. కొన్ని ప్లేయర్లు దాన్ని సర్దుతాయి, అన్నీ కాదు. కీబోర్డు మీటలు నొక్కి వాయించేవారికి మాత్రం అసలు పనికిరాదు.

ఎన్ని వాట్లది

అతి ఎక్కువగా అబద్ధం చెప్పే అంకె ఇది. కనుక నెమ్మదిగా వెళ్దాం.

వాటు అంటే శక్తి ఖర్చయ్యే వేగం. స్పీకరుకు చేరే వాట్లు రెండింటి మీద ఆధారపడతాయి: ఆంప్లిఫయర్ ఎంత వోల్టేజీ ఇవ్వగలదు, స్పీకరు ఎన్ని ఓమ్‌లది. వోల్టేజీని వోల్టేజీతోనే గుణించి ఓమ్‌లతో భాగిస్తే వాట్లు; అల శిఖరపు వోల్టేజీతో లెక్క కడితే, వచ్చినదానిలో సగం. ఈ ఒక్క లెక్క వస్తే పెట్టె మీది అంకె నిజమో కాదో ఇంట్లో కూర్చుని చెప్పవచ్చు.

హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో గానీ, మన ఊరి మెకానిక్ దగ్గర గానీ తయారయ్యే అసెంబుల్డ్ ఆంప్లిఫయర్‌ను తీసుకోండి. లోపల 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకుందాం. 12 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే శిఖరం దాదాపు 17 వోల్టులు. అంటే ధ్వని అల పైకి 17, కిందికి 17 దాటలేదు. 8 ఓమ్‌ల స్పీకరుకు దాని నుంచి వచ్చేది, ఎక్కడా నష్టం లేదనుకున్నా, 18 వాట్లు. ముందు పలక మీద 200 అని ముద్రించి ఉండవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌కు చదువు రాదు.

5200, 1943 అని మెకానిక్‌లు పిలిచే ట్రాన్సిస్టర్ల జత గురించి కూడా ఇదే గందరగోళం. ఆ ట్రాన్సిస్టరు పత్రంలో 150 వాట్లు అని ఉన్నది అది తట్టుకోగల వేడి, స్పీకరుకు ఇచ్చే శక్తి కాదు. ఎన్ని జతలు పెట్టినా, వెనుక వోల్టేజీ లేకపోతే వాట్లు రావు. అలాగే 4440 బోర్డు. సాన్యో వారి ఎల్ఏ4440 చిప్పు స్వంత పత్రం ప్రకారం 13.2 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌లకు, చానలుకు 6 వాట్లు; రెండు చానళ్లనూ ఒకటిగా చేసి బ్రిడ్జి పద్ధతిలో వాడితే 19. దాని మీద వంద వాట్లని రాసి అమ్మే బోర్డులు కోకొల్లలు. చిప్పు తప్పేమీ లేదు. ఆరు వాట్లు నిజాయితీగా ఇస్తుంది, చిన్న గదికి ఆ ఆరు వాట్లూ చాలు కూడా.

ఇప్పుడు కొత్తగా వచ్చిన అరచేతంత క్లాస్-డి ఆంప్లిఫయర్లు. వీటిలో చాలా వాటికి 24 వోల్టుల అడాప్టర్ ఇస్తారు. ఈ చిప్పులు బ్రిడ్జి పద్ధతిలో పనిచేస్తాయి కనుక శిఖరం 24 వోల్టుల దాకా పోగలదు. లెక్క కడితే 8 ఓమ్‌లకు చానలుకు 36 వాట్లు, 4 ఓమ్‌లకు 72. అడాప్టర్ 4.5 ఆంపియర్లదైతే మొత్తం ఇవ్వగలిగేది 108 వాట్లు, రెండు చానళ్లకూ కలిపి. పెట్టె మీద ‘300 వాట్లు, రెండు చానళ్లు’ అని ఉంటే, అది చిప్పు ఇంకా పెద్ద వోల్టేజీతో, 4 ఓమ్‌లకు, పది శాతం వికారంతో ఇవ్వగలిగినది. వికారం అంటే అసలు అలలో లేనిది చేరడం. పది శాతం అంటే అల తలలు నరికినట్టు చదునైపోయిన స్థితి. పాట బొంగురుపోయిందని పిల్లలకూ తెలిసిపోతుంది. ఒక శాతం లోపు, ఇంకా మంచిదైతే శాతంలో పదో వంతు దగ్గర చెప్పిన వాట్లనే నమ్మాలి. ఈ మోసాలు పెరిగినందువల్లే అమెరికాలో 1974లో ప్రభుత్వం ఆంప్లిఫయర్ల ప్రకటనలకు నియమాలు పెట్టింది.

పీఎంపీఓ అన్నది మనకు బాగా పరిచయమైన మరో అంకె. క్షణంలో చిన్న భాగం పాటు వచ్చే శిఖరాన్ని, అన్ని చానళ్లవీ కూడి చెప్పేది. దాన్ని కొలిచే ఉమ్మడి పద్ధతి లేదు, కనుక దానికి అర్థం లేదు. ఆర్ఎంఎస్ వాట్లు నయం. కచ్చితంగా మాట్లాడితే ఆర్ఎంఎస్ అన్నది వోల్టేజీకి చెల్లే కొలత. దాని నుంచి వచ్చేది సగటు శక్తి. ‘ఆర్ఎంఎస్ వాటు’ అన్న మాట వాడుకలో స్థిరపడిపోయింది, ఉండనిద్దాం.

సరే, ఎన్ని కావాలి? సెన్సిటివిటీ 87 ఉన్న స్పీకర్ల జత, పన్నెండు పదిహేను అడుగుల గది, మనిషి మూడు మీటర్ల దూరంలో. రెండింటికీ చెరొక వాటు ఇస్తే మనిషి దగ్గర సుమారు 83 డెసిబెళ్లు. ఇది మాట్లాడుకోవాలంటే గొంతు పెంచవలసిన స్థాయి. పెద్దలకు 80 డెసిబెళ్లలో వారానికి 40 గంటల వరకు వినడం క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే ఒక్క వాటుతోనే ఆ గీత దాటాం. పాటలో డప్పు దెబ్బలు, తాళాల మోతలు సగటు కంటే పది డెసిబెళ్లు పైకి లేస్తాయి. పది డెసిబెళ్లంటే పది రెట్ల శక్తి, కనుక పది వాట్లు. ఇంకొంచెం వెసులుబాటు ఉంచుకుంటే ఇరవై, ముప్పై. శుద్ధమైన ముప్పై వాట్లు ఉంటే ఈ ప్రశ్నకు జవాబు పూర్తయింది.

50 వాట్లదానికీ 100 వాట్లదానికీ తేడా మూడు డెసిబెళ్లు. చెవికి రెండింతలు పెద్దగా వినిపించాలంటే పది రెట్ల వాట్లు పట్టాలి. ఇది తెలియక అంకెల మధ్య తేడాకు వేలు పోస్తారు. అయితే మరీ తక్కువ ఉన్నా ముప్పే. చిన్న ఆంప్లిఫయర్‌ను చివరిదాకా తిప్పి తలలు నరికిన అలలు పంపితే సగటు శక్తి పెరిగి, సన్నని స్వరాలిచ్చే ట్వీటర్ కాలుతుంది. స్పీకరును కాల్చేది పెద్ద ఆంప్లిఫయర్ మాత్రమే అనుకోవడం సగం నిజం.

పక్కింటి లెక్క కూడా ఒకటుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. పీర్ల పండుగ నాటి డీజే బాక్సులతో పోల్చుకుని ఇంటికి ఆంప్లిఫయర్ కొనేవారు ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోవాలి.

ఆంప్లిఫయర్

చిన్నదాన్ని పెద్దది చేసేది అని అందరూ చెప్తారు. అది ఫలితం, పని తీరు కాదు. ల్యాప్‌టాప్ నుంచి వచ్చిన చిన్న అల లోపలికి వెళ్లి తానే పెద్దదై బయటికి రాదు. నల్లవాగు ప్రాజెక్టు తూము దగ్గర మనిషి చేత్తో చక్రం తిప్పుతాడు. కాలువలో పారేది అతని చేతి బలం కాదు, చెరువు నీళ్లు. అట్లాగే స్పీకరుకు చేరేది గోడ నుంచి వచ్చిన కరెంటు. చిన్న అల దాన్ని ఎంత వదలాలో చెప్తుంది. అందుకే ఆంప్లిఫయర్‌లో బరువైన భాగం, ఖరీదైన భాగం విద్యుత్తును సిద్ధం చేసేది.

లోపల రెండు అంగాలు. ప్రీ-ఆంప్లిఫయర్ ఏ వైరు నుంచి వినాలో ఎంచుతుంది, వాల్యూము, బేస్, ట్రెబుల్ చూస్తుంది. పవర్ ఆంప్లిఫయర్ కరెంటును మోస్తుంది. రెండూ ఒకే పెట్టెలో ఉంటే ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్. మన ప్రశ్నలోని ‘ఆంప్లిఫయర్’ ఇదే. ఉత్త పవర్ ఆంప్లిఫయర్‌కు వాల్యూము ఉండకపోవచ్చు. దాన్ని నేరుగా ల్యాప్‌టాప్‌కు కలిపి, వాల్యూము నూటికి నూరు మీద మరిచిపోతే, ఈమెయిలు వచ్చిందని మోగే చిన్న గంట స్పీకరు చుట్టను చీల్చగలదు.

క్లాస్ అన్న మాట తరగతి, హోదా కాదు, పనిచేసే పద్ధతి. క్లాస్-ఏ, ఏబీ, డి. ఇంటి ఆంప్లిఫయర్లలో పాతవి ఏబీ. తీసుకున్న కరెంటులో పెద్ద వాటా వేడిగా పోతుంది, అందుకే రెక్కల అల్యూమినియం దిమ్మెలు. క్లాస్-డిలో ట్రాన్సిస్టర్లు సెకనుకు లక్షల సార్లు పూర్తిగా తెరుచుకుని పూర్తిగా మూసుకుంటాయి, అందుచేత వృథా తక్కువ. ‘డి అంటే డిజిటల్’ అని పెట్టెల మీద కూడా రాస్తున్నారు. తప్పు. ఏ, బి, సి అయిపోయాయి కనుక డి. ఏబీ మధురమనీ, డి కరుకనీ ఇరవై ఏళ్ల కిందటి మాట; ఇప్పటి మంచి డి ఆంప్లిఫయర్ గురించి అలా అనలేం. మే నెలలో రేకుల గదిలో, ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు డి పద్ధతి లాభం చేతికి తెలుస్తుంది: వేడెక్కదు, బ్యాటరీని తినదు. చదరపు అల ఇన్వర్టర్ మీద పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏబీ ఆంప్లిఫయర్ గుర్రుమంటుంది. శుద్ధ సైను అల ఇన్వర్టర్ అయితే ఆ బాధ లేదు.

ఏబీ పక్షాన ఒక మాట చెప్పాలి. దాన్ని మన ఊళ్లో విప్పి, పోయిన ట్రాన్సిస్టరు మార్చి, ఇరవై ఏళ్లు నడిపించవచ్చు. అరచేతంత డి ఆంప్లిఫయర్ పోతే సాధారణంగా మొత్తం మార్చడమే.

రిసీవర్

1935లో హైదరాబాదులో డెక్కన్ రేడియో మొదలైన నాటికి రిసీవరంటే రేడియో పెట్టె. తరువాత ఆంప్లిఫయర్‌లోనే రేడియో ట్యూనరు అమర్చినదానికి ఆ పేరు నిలిచింది. అంటే స్టీరియో రిసీవర్ = ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ + రేడియో ట్యూనరు. అంతకు మించి ఏమీ లేదు. డిష్ టీవీ పెట్టెను కూడా మనవాళ్లు రిసీవరే అంటారు. అందులో స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్ లేదు.

కనుక స్టీరియో రిసీవర్ కొనాలా అన్నది రేడియో వినాలా అన్న ప్రశ్న. నారాయణఖేడ్ నుంచి హైదరాబాదు నూరు కిలోమీటర్ల పైమాట. ఎఫ్ఎం తరంగాలు దాదాపు చూపు మేర పోతాయి కనుక రాజధాని ఎఫ్ఎంలు ఇక్కడ నిలకడగా అందవు. జహీరాబాద్ దగ్గరి మాచునూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15 నుంచి 90.4 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుతోంది. మన భాషకు, మన పంటలకు అంతకంటే దగ్గరి స్టేషను లేదు. కాని కమ్యూనిటీ రేడియోకు నియమాలు సాధారణంగా అనుమతించే ప్రసార శక్తి 100 వాట్లే. ఖేడ్ దాకా రావాలంటే ఎత్తున మంచి యాంటెన్నా ఉండాలి. దశాబ్దాలుగా 738 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్‌లో వినిపించిన ఆకాశవాణి హైదరాబాదుకు దూరం అడ్డు కాదు. అడ్డు ల్యాప్‌టాప్ చార్జరే: మీడియం వేవ్‌లో గరగర పుట్టించేది అదే. ఆకాశవాణి స్టేషన్లు యాప్‌లో, ల్యాప్‌టాప్‌లోనే వినవచ్చు. అంటే ట్యూనరు చేసే పని ముందే ల్యాప్‌టాప్‌లో ఉంది.

ఏవీ రిసీవర్ వేరు. దీనిలో అయిదు, ఏడు ఆంప్లిఫయర్లు, డాల్బీ ధారలను విడదీసే చిప్పు, హెచ్‌డీఎంఐ రంధ్రాలు, గదిని కొలిచే మైకు. గదిలో టీవీ ఉండి, వెనుక స్పీకర్లకు వైరు లాగే ఓపిక ఉండి, ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐతో కలిపేవారికి ఇది తగిన వస్తువు. రెండు పాత స్పీకర్లతో పాటలు వినేవారు దీన్ని కొంటే డబ్బులో ఎక్కువ భాగం మోగని చానళ్లకు, వాడని రంధ్రాలకు పోతుంది. దాని వాట్లు కూడా ఒక్క చానలు మాత్రమే మోగుతుండగా కొలిచినవి కావచ్చు; చిన్న అక్షరాలు చదవాలి. పిడుగు పడి హెచ్‌డీఎంఐ పలక పోతే బాగు చేయడానికి ఖేడ్ సరిపోదు, బీదర్ కూడా సరిపోకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారికి నా జవాబు: రెండు చానళ్ల ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్. పాత ఏవీ రిసీవర్ ఎవరైనా చవకగా ఇస్తే వద్దనకండి, అందులోనూ రెండు చానళ్లు ఉన్నాయి, కొత్తది కొనకండి.

కలిపి

స్పీకరు వైరులో ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. ఒకదానికి తిరగబడితే రెండు కోన్‌లు ఒకదానికొకటి వ్యతిరేక దిశలో కదిలి, అడుగు స్వరం మాయమవుతుంది. గుర్తులు చెరిగిపోయిన స్పీకరుకు 1.5 వోల్టుల సెల్లు ఒక్క క్షణం తాకించండి. సెల్లు ప్లస్ ఎరుపుకు తగిలినప్పుడు కోన్ ముందుకు రావాలి.

ల్యాప్‌టాప్ వైరును ‘ఆక్స్’, ‘సీడీ’, ‘టేప్ ఇన్’ అన్న చోట పెట్టండి. ‘ఫోనో’లో పెట్టకూడదు. అది గ్రామఫోను పళ్లెం ముల్లు ఇచ్చే కొన్ని మిల్లీవోల్టుల కోసం ఉన్నది, ల్యాప్‌టాప్ వోల్టు దానికి రెండు వందల రెట్లు. ‘టేప్ అవుట్’లో పెడితే ఏమీ వినిపించదు, అది బయటికి పంపే దారి.

ఇక గుర్రు. అన్నీ సరిగ్గా కలిపాక పాట ఆపినా స్పీకర్లో గుర్రుమంటే, ఆంప్లిఫయర్ పాడైందని వెంటనే తిరిగి ఇచ్చేయకండి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. గుర్రు ఆగిపోతే తప్పు ఆంప్లిఫయర్‌ది కాదు. చార్జర్ ఒక దారిన, ఆంప్లిఫయర్ మరో దారిన భూమికి కలుస్తాయి. మధ్యలో పాట వైరు మూడో దారి. ఈ మూడూ కలిసి ఒక వలయం అవుతుంది. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. ఆ వలయంలో తిరిగే కొద్దిపాటి 50 హెర్ట్జ్ కరెంటు పాటతో పాటు పెద్దదై వినిపిస్తుంది. ఎర్తింగ్ లేని పాత ఇంట్లో దీని ఇంకొక రూపం కనబడుతుంది: ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీద చెయ్యి రాస్తే సన్నగా జుమ్మనడం.

మొదట చేయవలసింది ఆంప్లిఫయర్‌నూ చార్జర్‌నూ ఒకే పలక నుంచి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్లకు పెట్టడం. కొందరు చార్జర్ ప్లగ్గులోని లావు పిన్నును విరిచేస్తారు. గుర్రు ఆగుతుంది, నిజమే. ఏదైనా లోపం వచ్చిన రోజు కరెంటు వెళ్లే దారి మీ శరీరమే అవుతుంది. ఆ పని చేయకండి. ఎర్తింగ్ గుంత ఎండిపోయి ఉంటే నీళ్లు పోయించండి, లేనే లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో వేయించండి. అప్పటికీ ఆగకపోతే పాట వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టాలి. కారు స్టీరియో సామాను అమ్మేచోట దొరుకుతుంది. లోపల చానలుకు ఒకటి చొప్పున రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు; పాట అయస్కాంతం గుండా దాటుతుంది, వలయం తెగుతుంది. మరీ చవకదైతే అడుగు స్వరాన్ని కొంచెం మింగుతుంది. యూఎస్‌బీ డాక్ కొంటే ఈ గుర్రు పోతుందని అనుకోకండి: యూఎస్‌బీ వైరులోనూ గ్రౌండ్ తీగ ఉంది. బ్లూటూత్, లేదా ఆప్టికల్ వైరు ఉన్న డాక్ అయితే పోతుంది, ఎందుకంటే కాంతికీ గాలికీ గ్రౌండ్ లేదు.